ముగింపు తెలిసిన సారు

ఇది రాయడం మొదలుపెట్టిన రోజు పొద్దుననే నేనొక తప్పు చేశాను.

కొత్తగా ఉద్యోగంలో చేరే తెలుగు టీచర్ల కోసం నా అనుభవాలు రాసిమ్మని నవ్య కొన్నాళ్లుగా అడుగుతోంది. నవ్య వరంగల్లో ఒక సర్కారు హైస్కూల్లో తెలుగు చెబుతుంది. నేను రిటైరయింది ఆ బడిలోనే. ఇంట్లో ఊరికే కూర్చోలేక అప్పుడప్పుడూ వెళ్లి ఆమె ఎనిమిదో తరగతిలో ఒక మూల కూర్చుంటాను. అక్కడ పిల్లలు చిన్న చిన్న గుంపులుగా నేలమీద కూర్చుని కథలు చదువుకుంటారు. ఒక గుంపుకు ఒకటే కథ. ఒకరు ప్రశ్నలు అడగాలి, ఒకరు అర్థంకాని మాటలు ఏరాలి, ఒకరు బొమ్మ గీయాలి, ఇంకొకరు ఆ కథలోది తమ బతుకులో ఎక్కడైనా చూశారా అని చెప్పాలి. సారు చెప్పే పాఠం ఉండదు. సారు వింటాడు.

ఇందులో మాకొక పద్ధతి ఉంది. కథ చివరి పేజీలకు బట్టలారేసే క్లిప్పు పెట్టేస్తాం. చివర ఏమవుతుందో ప్రతి ఒక్కరూ ఊహించి చెప్పేదాకా క్లిప్పు తీయకూడదు. తర్వాత గుంపులో ఒకరు క్లిప్పు తీసి ఆ పేజీలు అందరికీ వినపడేలా చదువుతారు.

ఆ రోజు కథ గోదావరి ఒడ్డు ముసలమ్మది. వరదలో ఆమె బర్రె కొట్టుకుపోతుంది. తాడు తెగిందని ముందురోజే విప్పి పెట్టిన గంట మాత్రం ఇంట్లో మిగులుతుంది. నీళ్లు తీశాక ఆమె రోజూ సాయంత్రం ఒడ్డుకు పోయి ఆ గంట మోగిస్తుంటుంది. అక్కడ క్లిప్పు.

క్లిప్పు తీసి చదువుతానని ముందురోజు చెప్పిన పిల్ల స్రవంతి. ఈ మాట విన్నప్పుడు నవ్య, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. స్రవంతి తరగతిలో గొంతెత్తి చదవడం మేమెవరమూ ఎప్పుడూ వినలేదు.

ఊహలు మొదలయ్యాయి. రాకేశ్ అని ఆ గుంపులో మాటకారి పిల్లవాడు ఒకడున్నాడు. బర్రె అడవిల మేసుకుంట తిరుగుతాంది, గంట ఇనంగనే ఉరికొస్తది అన్నాడు. మిగతా ఇద్దరూ వాడితో కలిశారు. స్రవంతి క్లిప్పు మీద చేయి పెట్టుకునే ఉంది. చివరికి మెల్లగా అంది.

"బర్రె రాదు. అది పోయింది. కని గంట సప్పుడు ఊకెనే పోదు. ఎవలదో తప్పిపోయిన దూడ ఇనుకుంట వస్తది."

నా ఒళ్లు పులకరించింది. ఎందుకంటే ఆ కథ చివర జరిగేది అదే.

"శభాష్ బిడ్డా" అన్నాను. "కరెక్టుగ చెప్పినవ్. దూడే వస్తది."

రాకేశ్ వెనక్కి వాలి, "అయితే అయిపాయె. ఇగ సదువుడెందుకు" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. కథ అయిపోయింది, నేనే అవగొట్టాను. మిగతావాళ్లు ఊరి బర్రెల గురించి మాటల్లో పడ్డారు. స్రవంతి క్లిప్పు మీదనుంచి చేయి తీసేసింది. బెల్లు కొట్టారు. ఆ పేజీలు ఎవరూ తెరవలేదు.

నేనింకా సంతోషంగానే వరండాలోకి వచ్చాను. నవ్య నా పక్కన కాసేపు నడిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"మీరు మెచ్చుకున్నరు సార్. కని ఆమె మెచ్చుకొమ్మని అడగలే. చదువుత అన్నది."

ఈ వ్యాసాన్ని వేరే సంగతులతో మొదలుపెట్టాలనుకున్నాను. ఇక ఇదే మొదలు.

నా గొంతు

నా మొదటి ఉద్యోగం ఏటూరునాగారం దాటి అడవి దారిలో ఉన్న ఒక చిన్న బడి. పిల్లల్లో చాలామంది ఇంట్లో కోయ మాట్లాడేవాళ్లు. నేను ఒక వాక్యం చదివితే వాళ్లంతా కలిసి అదే వాక్యం అనేవాళ్లు. వానాకాలం మధ్యాహ్నాలు రేకుల మీద చినుకుల చప్పుడు, దాని కింద నా గొంతు, దాని వెనక వాళ్ల గొంతులు. కిటికీలోంచి తడిసిన టేకాకుల వాసన వచ్చేది. నేను సగం నిద్రలో, సగం పాటలో ఉన్నట్టుండేవాణ్ణి. పిల్లలు ఎంత బాగా చదువుతున్నారో అనుకునేవాణ్ణి.

ఒకసారి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. తరగతికి వెళ్లి, పుస్తకం తెరిచి, మీరే చదవండని చేత్తో సైగ చేశాను. అందరూ పుస్తకాలు తెరిచారు. ఎవరూ ఏమీ అనలేదు. వాన కోసం చూసే మడుల్లాగా ఆ పుస్తకాలన్నీ తెరుచుకుని అలా ఉండిపోయాయి. నా గొంతు ఆగితే ఆ తరగతిలో చదువు లేదు.

అప్పుడే అర్థం చేసుకుని మారి ఉంటే ఈ వ్యాసం మరోలా ఉండేది. జలుబు తగ్గింది, గొంతు వచ్చింది, మళ్లీ మొదలుపెట్టాను. చాలా ఏళ్లు అలాగే గడిచాయి. నేను మంచి వక్తనని పేరు కూడా వచ్చింది. పాఠం చెబుతుంటే పక్క తరగతి పిల్లలు కిటికీ దగ్గర చేరేవాళ్లు. కొత్తగా చేరేవాళ్లకు ఒక మాట: కిటికీ దగ్గర పిల్లలు చేరుతున్నారంటే మీరు బాగా మాట్లాడుతున్నారనే అర్థం. లోపలున్న పిల్లలు చదువుతున్నారని కాదు. ఈ రెండింటికీ తేడా తెలియడానికి నాకు సగం సర్వీసు పట్టింది.

లవంగం

ఆ తేడా చూపించింది తొర్రూరులో నా హెడ్‌మిస్ట్రెస్ సరళా మేడమ్. చాలామంది ఆమెకు భయపడేవాళ్లు. ఆమె కేకలు వేసేది కాదు. తరగతిలోకి వచ్చి వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చునేది, అంతే. పత్తి ఏరే రోజుల్లో పిల్లలు బడికి రాకపోతే తనే చేన్లలోకి నడిచి పోయేది.

ఒకరోజు నా పాఠం మొత్తం విని, బయటికి వచ్చాక అడిగింది. "సాంబయ్యగారూ, చాలా బాగ చెప్పిండ్రు. నాకు కండ్లళ్ల నీళ్లొచ్చినయి. నా పక్కన కూసున్న పిల్లకు ఏమొచ్చిందో మీకెర్కనా?"

నాకు తెలియదు. ఆ పిల్ల పేరు కూడా వెంటనే గుర్తురాలేదు.

పిల్లలను గుంపులుగా చదవనివ్వమని మేడమ్ చెప్పగానే మొదలుపెట్టాను. కానీ నా వల్ల కాలేదు. పిల్లలు ఒక మాట అనగానే దాన్ని నేను అందుకుని పది మాటలు చేసేవాణ్ణి. ఎవరైనా ఒక క్షణం ఆగితే ఆ ఖాళీ నాకు భరించరానిదిగా ఉండేది. ఆమె వెనకనుంచి చూసి, మర్నాడు ఒక లవంగం తెచ్చి చేతిలో పెట్టింది. "బుగ్గన పెట్టుకోండ్రి. ఇది ఉన్నంతసేపు నోరు తెరువొద్దు."

నవ్వొచ్చింది. పెట్టుకున్నాను. నాలుక చురుక్కుమంటుంటే ఒక గుంపు పక్కన కూర్చున్నాను. పిల్లలు మాట్లాడి ఆగారు. నిశ్శబ్దం. అలవాటుగా నా వైపు చూశారు. నేను బుగ్గ చూపించాను. మళ్లీ నిశ్శబ్దం. కోడి గుడ్డు పొదిగినంతసేపు అనిపించింది. అప్పుడొక పిల్లవాడు, అప్పటిదాకా ఏమీ అననివాడు, "నాకు ఆ రాజు మంచోడు గాడనిపిస్తాంది" అన్నాడు. పక్కవాడు ఎందుకు అన్నాడు. వాళ్లిద్దరూ వాదించుకుంటూ పుస్తకంలో వెనక్కి పేజీలు తిప్పారు. ఎవరూ చెప్పకుండానే పిల్లలు పేజీలు వెనక్కి తిప్పడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఆ తర్వాత నా చొక్కా జేబులో లవంగాలు లేని రోజు లేదు. పిల్లలు నన్ను చాటుగా లవంగం సారు అనేవాళ్లట. రిటైరయ్యాక అలవాటు తప్పింది. ఇప్పుడు నేను చుట్టపు చూపుగా వచ్చినవాణ్ణి కదా, నాకు నియమాలెందుకులే అనుకున్నాను. ముసలమ్మ కథ రోజున జేబు ఖాళీ.

గోడమీది తెర, చేతిలో ఫోను

నా సర్వీసు చివర్లో బడికి కొత్త వస్తువులు వచ్చాయి. మొదట గోడకు పెద్ద తెర. కదిలే బొమ్మలతో, పాటలతో ఒక ముసలామె కథ వేశాను. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. ఆ నిశ్శబ్దం చూసి మురిసిపోయాను. తర్వాత కథలో నీకేం నచ్చిందని ఒకమ్మాయిని అడిగితే, ముసలామె కట్టుకున్న ఆకుపచ్చ చీర అంది. కథలో చీర ఊసే లేదు. బొమ్మ వేసినవాడి చీర అది. ముసలామెను ఆ పిల్ల తనంతట తాను చూసుకునే అవకాశం నేను తీసేశాను. అప్పటినుంచి తెరమీద బొమ్మలు ఆపి, కథలోని ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో పెట్టి వదిలేసేవాణ్ణి. పీరియడంతా అదే ఉండేది. పిల్లలు మాట్లాడుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి దాన్ని చూసేవాళ్లు.

తర్వాత ట్యాబులు వచ్చాయి. వాటిలో, పిల్లలు చదువుతుంటే విని చుక్కలిచ్చే యాప్ ఒకటి. వేగంగా చదివితే ఎక్కువ చుక్కలు. పిల్లలకు ఆ కిటుకు తొందరగానే పట్టుబడింది. అమ్మ చనిపోయిన కథను కూడా బస్టాండులో అనౌన్స్‌మెంట్ చెప్పినట్టు చదవసాగారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: యంత్రం చెవిలాగా పనిచేస్తే చదువుకు మేలు. పరీక్షాధికారిలాగా పనిచేస్తే మనమే చాలు, ఇంకొకటి అక్కర్లేదు.

చెవిలాగా పనిచేసింది మామూలు సెల్‌ఫోను. గుంపు మధ్యలో రికార్డింగ్ పెట్టి వదిలేస్తే, నేను ఇంకో గుంపు దగ్గరున్నా ఇక్కడి మాటలు పోవు. మొదట్లో పిల్లలు టీవీలో వార్తలు చదివేవాళ్లలా మాట్లాడారు. కొన్నాళ్లకు ఫోను ఉందనే మర్చిపోయారు.

సాయంత్రం సుబేదారిలోని ఇంటికి వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాటిని వినేవాణ్ణి. బయట ఊరు జారిపోతుండేది. పండ్ల బండ్లు, కరెంటు దీపాలు ఒక్కోటీ వెలగడం, తడి రోడ్డు మీద ఆ వెలుగులు పొడుగ్గా సాగడం. లోపల పిల్లల గొంతులు. గాజుల చప్పుడు, పేజీ తిరిగిన చప్పుడు, ఎవరో చింతపండు చప్పరిస్తున్న చప్పుడు. ఒకడు ఎవరికీ వినపడదనుకుని కథలోని మాటను తనలో తానే అనుకుంటూ ఉంటాడు, తీపి బిళ్లను నాలుకమీద తిప్పుకున్నట్టు. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులున్నాయి. కండక్టరు వచ్చి భుజం తడితే, ఒక్కోసారి ఏ కథలోంచి లేచి వస్తున్నానో నాకే తెలిసేది కాదు.

ఇక్కడా ఒక తప్పు చేశాను. విన్నదాన్ని మనసులో దాచుకోలేకపోయాను. మర్నాడు తరగతిలో, నిన్న ఫలానావాడు ఎంత మంచి మాటన్నాడో తెలుసా అని అందరి ముందు చెప్పాను. పొగడ్తే కదా అనుకున్నాను. ఆ సాయంత్రం రికార్డింగులో మొదట వినిపించిన మాట, "మెల్లగ అనురా, సారు ఇంటాండు." తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ గుంపు మళ్లీ తేరుకోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ తర్వాత పద్ధతి మార్చాను. రికార్డింగు ముందు పిల్లలే వింటారు. ఉంచాలో చెరిపేయాలో వాళ్లే చెప్తారు. ఇస్తేనే నేను వింటాను.

ఇన్ని చెప్పాను గానీ, చూస్తే నా తప్పులన్నీ ఒకే కుటుంబంలోవి. పిల్లల మాట వాళ్ల నోట్లోంచి తీసి నా నోట్లో వేసుకోవడం. ఎప్పుడూ ప్రేమతోనే చేశాను. అందుకే చేస్తున్నట్టు తెలిసేది కాదు.

స్రవంతి

స్రవంతి వాళ్లది తొర్రూరు దగ్గర పల్లె. నాన్న మరమగ్గాల పనికి వరంగల్ వచ్చాడు. ఆ వాడలో వాటిని సాంచెలంటారు. అమ్మ కండెలకు నూలు చుడుతుంది. వాళ్లుండే గది సాంచెల షెడ్డు గోడను ఆనుకునే ఉంది. పగలంతా ఆ చప్పుడు ఆగదు. నవ్యతో కలిసి ఒకసారి వెళ్లాను. అక్కడ మాట్లాడాలంటే ఎదుటివాళ్ల చెవి దగ్గర నోరు పెట్టాలి. నాకు కాసేపటికి ఆ చప్పుడే నిశ్శబ్దంలా అనిపించింది. ఆ పిల్ల మెల్లగా ఎందుకు మాట్లాడుతుందో కూడా తెలిసింది. ఇంట్లో అరిచినా వినపడదు, కాబట్టి అరవడం మానేసింది.

ట్యాబులోని యాప్ ఆమెకు ఎప్పుడూ ఎర్ర మొహం బొమ్మే చూపించేది. అమ్మ ఫోన్లో ఇంటి దగ్గర ప్రయత్నిస్తే, అది సాంచెల మోత విని మళ్లీ చదవమనేది. మళ్లీ చదివితే మళ్లీ అదే. చివరికి అమ్మకే కోపం వచ్చి, "దీనికి చెవుడున్నట్టుంది, పిల్ల గొంతు పోతాంది" అని ఫోను లాక్కుందట. ఈ సంగతి చెబుతూ ఆమె నవ్వింది. స్రవంతి నవ్వలేదు.

అందుకే గుంపులో ఆ పిల్ల ఎప్పుడూ బొమ్మ గీసే పనే తీసుకునేది. బొమ్మకు గొంతు అక్కర్లేదు. నవ్య ఆమెను తొందరపెట్టలేదు. కథను తన గొంతుతో రికార్డు చేసిచ్చి, ఇయర్‌ఫోన్లతో వింటూ వేలితో వాక్యాల వెంట పొమ్మంది. కొన్ని వారాలకు వేలు గొంతుకన్నా ముందు పోవడం మొదలైంది. తర్వాత ఇయర్‌ఫోను ఒక చెవికే ఉండేది. తర్వాత అదీ లేదు. అప్పుడొక రోజు, ముసలమ్మ కథ సగంలో, క్లిప్పు నేను తీస్తానంది.

ఆ పిల్ల ఎంత దూరం నడిచి ఆ క్లిప్పు దాకా వచ్చిందో నాకంతా తెలుసు. తెలిసీ చేశాను.

తర్వాత

మర్నాడు వెళ్లాను. నవ్య కొత్త కథకు పనులు పంచుతుంటే స్రవంతి ముందే, "నేను బొమ్మ గీస్త టీచర్" అంది. నవ్య నా వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువగా తగిలింది.

పీరియడు అయ్యాక ఆ పిల్లను పిలిచాను. పక్కన నవ్య ఉంది. నిన్న నీ వంతు నేను లాక్కున్నాను, తప్పయింది అన్నాను. స్రవంతి నేల చూస్తూ, "ఏం గాదు సార్" అంది. సార్లకు చెప్పే 'ఏం గాదు' అది. నేనింకా ఏదో చెప్పబోతున్నాను. చదవడం గురించి, ధైర్యం గురించి. నవ్య ఆ పిల్లను పంపించేసి, "మల్ల స్పీచొద్దు సార్" అంది. నిజమే. క్షమాపణ కూడా నాకు మాట్లాడే అవకాశంగానే కనిపించింది.

ఆ సాయంత్రం బస్సులో నా చెవుల్లో ఏ గొంతూ లేదు. ఊరు మామూలుగానే జారిపోతోంది. నాకు తెలిసిన కథలను ఒక్కోటీ తలుచుకున్నాను. బడి లైబ్రరీలో ఉన్నవన్నీ ఎన్నోసార్లు చదివినవి, చెప్పినవి. ఏ పిల్ల ఏ పేజీలో ఉన్నా దాని చివర నా దగ్గర ముందే ఉంటుంది. ఆ పిల్లలతో నేనెప్పుడూ కలిసి చదవలేదు. వాళ్లు వచ్చేదాకా చివరి పేజీలో నిలబడి ఎదురుచూశాను. నేను కూర్చున్న చోటే తప్పు.

నవ్యకు ఫోన్ చేసి, నేను చదవని కథ ఒకటి వెతకమన్నాను. నాకు చూపించకుండా, చివరి పేజీలకు క్లిప్పు పెట్టి తెమ్మన్నాను. గుంపులో నాకూ ఒక పని ఇమ్మన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "మాటలు ఏరే పని ఇస్త. ఎక్కువ మాట్లాడేది ఉండదు" అంది.

అలా స్రవంతి గుంపులో నేలమీద కూర్చున్నాను. మోకాళ్లు సహకరించలేదు. రాకేశ్ తన సంచి మడిచి నా కిందికి తోశాడు. కథ ఒక పత్తి లారీ డ్రైవరుది. మిల్లు దగ్గర లోడు దింపుతుంటే పత్తిలో ఒక బడిసంచి దొరుకుతుంది. పేరుండదు. లోపల ఒక అన్నం డబ్బా, ఒక చిన్న చెప్పు. అది ఎవరిదో కనుక్కోవడానికి అతను లోడెత్తిన ఊళ్లన్నీ మళ్లీ తిరుగుతాడు.

పేజీలు తిప్పుతుంటే నాలో ఏదో పాతది కదిలింది. తర్వాత ఏమవుతుందో తెలియకపోవడం. ఎంతకాలమైందో. రోడ్డు మీద ఆ లారీ వెనక నేనూ పోతున్నట్టు, దుమ్ములో తెల్ల పోగులు ఎగురుతున్నట్టు. రాత్రి పడుకున్నా ఆ ఒంటి చెప్పు కళ్లముందుండేది.

నా వంతు వచ్చినప్పుడు నా ఊహ చెప్పాను. ఆ సంచి బడి మానేసి పత్తి ఏరడానికి పోయిన పిల్లదయి ఉంటుందన్నాను. తొర్రూరులో అలాంటి పిల్లలను ఎందరినో చూశాను కదా. స్రవంతి బొమ్మ గీయడం ఆపింది.

"బడి మానేసినోళ్లు సంచిల అన్నం డబ్బ ఎందుకు పెట్టుకుంటరు సార్?"

నేను తల గోక్కున్నాను. రాకేశ్ కళ్లు పెద్దవి చేసి, "సార్‌కు గూడ ఎర్క లేదురో" అన్నాడు. అందరూ నవ్వారు. స్రవంతి నవ్వలేదు. నా మొహాన్ని చాలాసేపు చూసింది, ఎక్కడైనా ఏదైనా దాచానేమో అని.

"నిజంగనే తెల్వదా సార్?"

"తెల్వదు బిడ్డా. ఒట్టు."

ఆమె పుస్తకం తన వైపు లాక్కుని పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. డ్రైవరు సంచి తెరిచిన చోటుకు పోయి, ఆ వాక్యాన్ని పెదాలు కదుపుతూ చదివింది. తర్వాత వినపడేలా చదివింది. నాతో వాదించడానికి ఆ వాక్యం ఆమెకు అవసరమైంది. ఆ వాక్యం గట్టిగా చదివినట్టు ఆమెకు తెలుసో లేదో. నేను మాత్రం ఏమీ అనలేదు. తల కూడా ఊపలేదు. నా సర్వీసులో ఇంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

మిగిలిన రోజులూ అలాగే నడిచాయి. ఆమె బొమ్మలు తగ్గాయి, వాదనలు పెరిగాయి. చివరికి క్లిప్పు దగ్గరికి వచ్చాం. రేపు ఎవరు తీస్తారని నవ్య అడిగితే రాకేశ్ చెయ్యెత్తాడు. స్రవంతి వాడి చెయ్యి దించి, "నేను" అంది.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. లవంగం నోటిని మూస్తుంది, మొహాన్ని మూయలేదు. ఏ మాట దగ్గర తడబడినా పిల్లలు సారు మొహం చూస్తారు. ఒప్పా తప్పా అక్కడ వెతుకుతారు. నాకు కథ తెలియకపోయినా అక్షరాలు తెలుసు. ఆ పిల్ల ఆగిన ప్రతిచోటా నా కళ్లు ముందుకు పోయి ఆ మాట చెప్పేస్తాయి.

పొద్దున బడికి వెళ్లి, నేను లోపలికి రానని నవ్యకు చెప్పాను. రికార్డింగు పంపొద్దని, చివర ఏమైందో తనూ చెప్పొద్దని అడిగాను. ఆమె నవ్వి, లోపలికి పోయి, తలుపు దగ్గరగా వేసింది.

వరండాలో గోడకానుకుని నిలబడ్డాను. ఎండ స్తంభాల మధ్య పలకలు పలకలుగా పడి ఉంది. లోపల కాసేపు గుసగుసలు. తర్వాత క్లిప్పు తీసిన చిన్న చప్పుడు. స్రవంతి చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం వణికింది. రెండోది అంతగా వణకలేదు. ఒక మాట దగ్గర ఆగిపోయింది. రాకేశ్ దాన్ని అందించబోయాడు.

"ఆగురా. నేనే చదువుత."

నిశ్శబ్దం. తర్వాత ఆ మాటను సగం, మళ్లీ మొదటినుంచి, మళ్లీ పూర్తిగా పలికి, ఆమె ముందుకు పోయింది. డ్రైవరు ఏదో ఊరి బడి ముందు లారీ ఆపాడు. గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు.

ఇంకొంచెం నిలబడితే ఆ సంచి ఎవరిదో తెలిసిపోతుంది. తెలుసుకోవాలని చాలా ఉంది. నేను వరండా మెట్లు దిగి, గ్రౌండులోంచి, ఆమె గొంతు వినపడనంత దూరం నడిచాను.